మినెట్ డి సిల్వా గృహనిర్మాణ రీతి

శ్రీలంక దేశపు వాస్తుశిల్పి మినెట్ డి సిల్వాను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు మాటలతో మొదలిడుదురు. బ్రిటిషు వాస్తుశిల్పుల రాయల్ ఇన్‌స్టిట్యూటులో 1948లో సభ్యత్వము పొందిన తొలి ఆసియా వనిత యనునది మొదటిది. ప్రఖ్యాత శిల్పి లె కొర్బూజియేకు స్నేహితురాలనునది రెండవది. రెండును సత్యములే. కాని యవి పాఠకుని ఆమె కట్టిన యింటి గుమ్మముకడనే నిలిపివేయుచున్నవి. ఒకటి ఆమె పొందిన స్థానమును, మరియొకటి ఆమె పరిచయమును తెలుపునే గాని, ఆమె చేసిన పనిని తెలుపవు. ఆమె విశిష్టత ఇల్లు కట్టు పద్ధతియందున్నది. దానినిచ్చట పరిశీలింపవలసియున్నది.

మినెట్ 1918లో క్యాండీ నగరమున జన్మించెను. తండ్రి జార్జి ఇ. డి సిల్వా సింహళ బౌద్ధుడు, న్యాయవాది, రాజకీయ నాయకుడు. తల్లి ఆగ్నెస్ ఐరోపా సంతతికి చెందిన బర్గరు కుటుంబమున బుట్టిన క్రైస్తవురాలు. స్త్రీల వోటుహక్కుకై పాటుపడినది. ఆ హక్కు 1931లో ఆ దేశమున సిద్ధించెను. రెండు జాతుల, రెండు మతముల సంగమమైన యింట పెరిగిన బాలికకు స్వదేశీయతయనగా ఒకే రక్తమునకు, ఒకే ఆచారమునకు చెందినదను భావము కలుగకపోవుట సహజము. ఆమె వాస్తురచనను అర్థము చేసికొనుటకు ఈ విషయము ముఖ్యము.

ఆనాడు సిలోనులో వాస్తువిద్య నేర్పు కళాశాల లేనందున ఆమె బొంబాయి చేరెను. 1942లో గాంధీజీ విడుదలను గోరు సభకు హాజరై, క్షమాపణ వ్రాసి యిచ్చుటకు నిరాకరించి, జె. జె. కళాశాలనుండి బహిష్కృతురాలయ్యెను. పిమ్మట బెంగుళూరులో, మైసూరు సంస్థానపు ప్రధాన వాస్తుశిల్పియైన ఆటో కోనిగ్స్‌బెర్గరు కడ పనిచేసి, జంషెడ్‌పూరు నగర ప్రణాళికకు సంబంధించిన గృహ నిర్మాణ విషయములతో పరిచయము సంపాదించెను. 1946లో వెలసిన 'మార్గ్' పత్రిక స్థాపకబృందమున ఆమెయు, సోదరి అనిలయు ఉండిరి. లండనులో చదువు ముగించి స్వదేశమునకు మరలిన ఆమె క్యాండీలోని తల్లిదండ్రుల యింటినుండియే వృత్తి నారంభించెను.

ఆమె తొలి నిర్మాణము క్యాండీలోని కరుణరత్న గృహము (1949–51). సిలోనులో స్త్రీ రూపకల్పన చేసిన మొదటి కట్టడముగా దీనిని పేర్కొందురు. కొండవాలును చదును చేయక, వాలు ననుసరించి అంతస్తులను హెచ్చుతగ్గులుగా నమర్చి, కాంక్రీటును గాజును నిస్సంకోచముగా వాడి కట్టిన యిల్లది. ఇంతవరకు లండను విద్య. కాని దుంబర ప్రాంతపు నేతగాండ్రు నేసిన చాపలను పలకలుగా వాడుట, క్యాండీ నృత్యభంగిమలను మట్టిపలకలపై ముద్రించి కాల్పించుట, జార్జి కీట్ చేత కుడ్యచిత్రమును వ్రాయించుట లండను నేర్పిన విద్య కాదు.

ఇది పైపై అలంకారమేగదా యని ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. కాంక్రీటు గోడపై పాత నగను తగిలించినంతమాత్రమున కట్టడము దేశీయము కాజాలదు. కాని యిచ్చట భేదమున్నది. 1815లో క్యాండీ రాజ్యము ఆంగ్లేయుల వశమైన పిమ్మట అచటి చేతిపనులకు రాజాదరణము పోయెను. ఆనంద కుమారస్వామి 1908లో ప్రకటించిన 'మధ్యయుగ సింహళ కళ' యను గ్రంథమున వానిని సవిస్తరముగా వర్ణించి భద్రపరచెను. మినెట్ మరియొక యడుగు వేసెను. ఆమె ఆ పనివారికి పని కల్పించెను. గ్రంథమున నిలిచిన కళ గోడలోనికి, తలుపులోనికి, నిత్యము చేయి తగులు తావులోనికి వచ్చెను. దీనినే ఆమె 1953లో 'మార్గ్' పత్రికయందు ఆధునిక ప్రాంతీయ వాస్తువని పేర్కొనెను. పాశ్చాత్య విమర్శకులు 'విమర్శాత్మక ప్రాంతీయత' యను పేరున ఇట్టి భావమును ప్రచారము చేసినది 1980 తరువాతనే.

కొలంబోలోని పియరీస్ గృహమున ఆమె మేడను స్తంభములపై నిలిపి, క్రింది భాగమును తోటతో గలిపివేసెను. 1958 నాటి వటపుళువ గృహవసతి పథకమున ఆమె పద్ధతి పరిపక్వమైనది. క్యాండీ సమీపమున ప్రభుత్వోద్యోగులకై సుమారు 250 ఇండ్లు నిర్మింపవలసి వచ్చినప్పుడు, ఆమె ముందుగా ప్రశ్నావళి పంచి, కాపురముండబోవు వారితో సంప్రదించి, వారి యవసరములను, ఆదాయములను, ఆచారములను తెలిసికొనెను. కొన్ని మూలనమూనాలు తయారుచేసి, ఆయా కుటుంబములకు తగినట్లు మార్చెను. వివిధ జాతులవారు ఇరుగుపొరుగుగా నుండవలసిన పేట యది. అందరికిని ఒకే అచ్చు పోయుట సులభము. ఒక్కొక్కరిని అడుగుట కష్టము. ఆమె కష్టమైనదానినే యెన్నుకొనెను. తొలియింట పనివారికిచ్చిన స్థానమును ఇచ్చట నివాసులకును ఇచ్చెను.

లోపములు లేకపోలేదు. ఆమె నిర్మాణములు సంఖ్యకు స్వల్పములు. వృత్తిజీవితమున దీర్ఘవిరామములు కలవు. 1975 నుండి 1979 వరకు హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయమున బోధించెను. ఆత్మకథ ఛాయాచిత్రముల, లేఖల, పత్రికాఖండముల కూర్పుగా నున్నది. అందు ప్రసిద్ధ వ్యక్తులకు లభించిన చోటు కొన్నియెడల నేతగానికి, తాపీవానికి లభింపలేదు. తన పద్ధతికి మూలాధారమైనవారిని ఆమెయే కొంత వెనుకకు నెట్టినట్లు తోచును. అయినను ఆ గ్రంథమే లేనిచో, కూలిపోయినవియు రూపుమారినవియు నగు ఆమె యిండ్లు ఎట్లుండెడివో తెలిసికొనుట దుర్లభము.

1957లో వాస్తుశిల్పిగా అర్హత పొందిన జెఫ్రీ బావాకు తరువాతి కాలమున ప్రపంచఖ్యాతి దక్కెను. అతని ప్రతిభ నిస్సంశయము. కాని ఇంటిని తోటతో గలుపుట, ఆధునిక గృహమున చేతిపనికి చోటిచ్చుట అతనితోనే ఆరంభమైనవని చెప్పు చరిత్ర పొరపాటు చరిత్ర. మినెట్‌కు శ్రీలంక వాస్తుశిల్పుల సంస్థవారి స్వర్ణపతకము 1996లో, డెబ్బదియెనిమిదవ యేట లభించెను. 1998 నవంబరులో ఆమె మరణించెను. ఆత్మకథ ఆ యేడే వెలువడినను, ఆమె దానిని చూడలేదు.

ఆమెను 'మొదటి స్త్రీ' యని స్తుతించి ఊరకుండుట ఒక విధమైన విస్మరణమే. ఎవరో ఒకరు మొదటివారగుట కాలవశమున సంభవించును. ఇంటిలో నుండబోవువానిని అడిగి, ఇంటిని కట్టువాని చేతిని గౌరవించి నిర్మించుట మాత్రము ఎన్నుకొని చేసిన పని. ఆమె కీర్తి నిలువదగిన పునాది యదియే.