అస్తమయ చిత్రం: కడలి, కొండ, మాట

భిలాయి సముద్రానికి దూరం. 1959లో ఇక్కడ తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగింది. ఉపాధికై వచ్చి స్థిరపడిన తెలుగువారి పిల్లల్లో ఎందరికో కడలి ఛాయాచిత్రాల ద్వారా, రచనల ద్వారా మాత్రమే పరిచయం. కనుక ఆ రెండింటి సత్యాసత్యాలను విచారించడం అవసరం.

విశాఖ తీరంలో సూర్యుడు అలల్లో అస్తమించినట్లు వర్ణించడం మన రచయితలలో లేకపోలేదు. ఆ తీరం తూర్పు ముఖమైనది. కడలిపై కనిపించే ఎర్రని బింబం ఉదయభానునిది. సాయంకాలం అతడు మన వెనుక, కొండల చాటున దిగుతాడు. చిత్రంలో రెండు వేళల ఎరుపూ ఒక్కలాగే ఉంటుంది గనుక, అబద్ధమాడేది క్రింద వ్రాసిన మాటే.

అంతమాత్రాన తూర్పు తీరపు సంధ్యకు సౌందర్యం లేదనరాదు. వెనుకనుండి వచ్చే ఏటవాలు వెలుగు నురుగును బంగారు చేస్తుంది. సూర్యుడు దిగిన పిమ్మట కడలిమీద నీలిధూసర వర్ణంలో పైకి లేచేది భూమి నీడయే. దానిపై లేత గులాబి అంచు. నిపుణుడైన ఛాయాగ్రాహకుడు కాచుకొనేది దీనికొరకే.

'గ్రుంకు' అన్న క్రియకు నీట మునగడమనీ, అస్తమించడమనీ రెండర్థాలు కలవు. రాజమండ్రిలో, గోదావరి తూర్పు గట్టున నిలిచినవానికి ఆ రెండూ ఏకమవుతాయి, విశాఖలో కావు. అక్కడ, అరిగిపోయిన కవిసమయమని మనం విడిచిన అస్తాద్రియే యథార్థం.

కడలిని కంట చూడని పాఠకుడు రచయితను నమ్ముతాడు. ఆ నమ్మకం నిలవాలంటే, కవియైనా, అనువాదకుడైనా వర్ణనకు ముందు ఒక్కమారు దిక్కు చూచుకోవాలి.