ఏ సెషన్ తెగింది? ఓవర్లే నెట్‌వర్కులలో గుర్తింపు సమస్య

వైఫల్యాన్ని పసిగట్టడం ఒక ఎత్తు. ఆ వైఫల్యం ఎవరిదో తేల్చడం మరొక ఎత్తు. ఓవర్లే నెట్‌వర్కుల విషయమై ఐఈటీఎఫ్ వెలువరించిన రెండు పత్రాలను, అంటే వీఎక్స్‌ల్యాన్‌కు ఉద్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 8971 (2020), జెనీవ్‌కు ఉద్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 9521 (2024)లను పక్కపక్కన పెట్టి చదివితే, మొదటిది రెండో పనిని చాలావరకు తప్పించుకున్నదనీ, రెండవది దానికి ఎదురు నిలిచిందనీ స్పష్టమవుతుంది.

రెండింటికీ మూలం డేవ్ కాట్జ్, డేవ్ వార్డ్ 2010లో రచించిన ఆర్‌ఎఫ్‌సీ 5880. అందులోని బీఎఫ్‌డీ పద్ధతి సరళమైనది. రెండు చివరలా ఉన్న యంత్రాలు చిన్న ప్యాకెట్లను ఎడతెగకుండా పంపుకుంటాయి. 300 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున రావలసినవి మూడు విడతలు రాకపోతే, 900 మిల్లీసెకన్లలో దారి తెగిందని తీర్మానం. ప్రతి చివరా తన సెషన్‌కు 32 బిట్ల సంఖ్య ఒకటి పెట్టుకుంటుంది, అదే డిస్క్రిమినేటర్. ఎదుటి సంఖ్య తెలిశాక గుర్తింపులో చిక్కు లేదు. చిక్కంతా తొలి ప్యాకెట్‌తోనే. అప్పటికి ఎదుటి సంఖ్య తెలియదు కనుక ఆ గడిలో సున్నా ఉంటుంది. అది ఏ సెషన్‌దో ఇతర ఆనవాళ్లను బట్టి తేల్చుకోవాలి.

ఓవర్లేలో ఆ ఆనవాళ్లకే కరువు. వీఎక్స్‌ల్యాన్‌లో వీఎన్ఐ సంఖ్య 24 బిట్లది. కోటీ 60 లక్షలకు పైగా మిథ్యా నెట్‌వర్కులకు చోటుంది. కానీ ఒకే జత వీటెప్‌ల నడుమ ఎన్ని వీఎన్ఐలు నడిచినా బయటి ఐపీ చిరునామాలు అవే. ఆర్‌ఎఫ్‌సీ 8971 ఇక్కడ ఒక ఉపాయం పన్నింది. మేనేజ్‌మెంట్ వీఎన్ఐ అనే ప్రత్యేక మార్గాన్ని ఏర్పరచి, సాధారణంగా ఒక జతకు ఒక్క సెషన్ చాలునన్నది. విడమరచవలసిన సెషన్లే లేకుండా చేసింది! యంత్రంపై భారం తగ్గించే ఈ పొదుపును తక్కువ చేయనక్కరలేదు. అయితే ఒక్క వీఎన్ఐ అమరిక మాత్రమే చెడినప్పుడు ఆ ఒంటి సెషన్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. వేరే వీఎన్ఐల మీద సెషన్లు నడపడానికి అనుమతిస్తూనే, దాని పర్యవసానాలను పత్రం తన పరిధికి బయట ఉంచింది. నా అభ్యంతరం ఇక్కడే.

అనంతపురం పాఠకులకు ఈ అభ్యంతరం కొత్తగా తోచదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ పీఠభూమిలో వేరుశనగకు వాతావరణ ఆధారిత బీమా అమలైనప్పుడు, పరిహారానికి కొలమానం రైతు చేను కాదు, ఆ ప్రాంతానికి నిర్దేశించిన వర్షమాపక కేంద్రం. కేంద్రం దగ్గర జల్లు పడితే, నాలుగు మైళ్ల అవతల ఎండిన చేను లెక్కకు రాదు. పరికరం అబద్ధమాడలేదు, తన ముందు పడిన చినుకునే కొలిచింది. మేనేజ్‌మెంట్ సెషన్ ‘అప్’ అని చూపడమూ అటువంటిదే. రెండు వీటెప్‌ల నడుమ దారి ఉన్నదనేంతవరకే దాని సాక్ష్యం. (పోలికను ఇంతకు మించి సాగదీయరాదు. చేనుకొక వర్షమాపకం పెట్టడం కష్టం గాని, ముఖ్యమైన వీఎన్ఐలకు విడివిడిగా సెషన్లు పెట్టడం సాధ్యమే.)

ఆర్‌ఎఫ్‌సీ 9521 సెషన్‌ను వీఏపీ అనే ప్రవేశ బిందువు దాకా తీసుకువెళ్లింది. ఒకే వీఎన్ఐకి పలు వీఏపీలు ముడిపడి ఉండవచ్చు కనుక వీఎన్ఐ ఒక్కటే చాలదని గ్రహించి, సున్నాతో వచ్చిన ప్యాకెట్‌ను వీఎన్ఐతో పాటు లోపలి మ్యాక్, ఐపీ చిరునామాలతో గుర్తించమన్నది. సున్నా కాకుంటే డిస్క్రిమినేటర్ ఒక్కటే ఆధారం. ఇది నిక్కచ్చి విధానం. అయినా ఒక వెలితి మిగిలింది. ఒక చివర వీఎన్ఐ తప్పుగా అమరితే సెషన్ తెగదు, అసలు పుట్టనే పుట్టదు. సరిపోలే సెషన్ దొరకని తొలి ప్యాకెట్‌ను పారవేయవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 5880 అంటున్నది. ఏ తప్పును పట్టుకోవాలో దాని ఆనవాలు సరిగ్గా ఆ ప్యాకెట్‌లోనే ఉంటుంది. పారవేసే ముందు దాని వీఎన్ఐనీ లోపలి చిరునామాలనూ నమోదు చేయడం అమలుకర్తల వంతు.