ముందు టీచర్ ఆడాలి

నాలుగేళ్ల పిల్లవాడి ముందు ఐదు చింతగింజలు ఒక వరుసలో, వాటి కింద మరో ఐదు గింజలు ఇంకో వరుసలో పేర్చి, రెండూ సమానమేనా అని అడిగితే సమానమే అంటాడు. వాడి కళ్లెదుటే కింది వరుసను ఎడమెడంగా జరిపి మళ్లీ అడగండి. కిందే ఎక్కువున్నాయని చాలామంది పిల్లలు చెబుతారు. ఒక్క గింజ కలపలేదు, తీయలేదు. అయినా వాడికి వరుస పొడుగైతే లెక్క పెరిగినట్టే. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే గత శతాబ్దంలో ఇలాంటి ఆటలతోనే పిల్లల ఆలోచన పెద్దవాళ్ల ఆలోచనకు చిన్న రూపం కాదని, దాని నడక వేరని చూపించాడు.

ఆ క్షణంలో టీచర్ ఏం చేస్తారన్న దాంట్లోనే శిక్షణంతా ఉంది. "తప్పు, రెండూ ఐదే" అంటే పిల్లవాడు ఐదు అని అప్పజెబుతాడు. ఆలోచన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తర్ఫీదు పొందిన టీచర్ దిద్దరు. "ఎట్ల ఎక్కువున్నయి? నాకు చూపియ్యి" అంటారు. పై గింజకు ఎదురుగా కింది గింజను జతపెట్టిస్తారు. ఈరోజు జత కుదరకపోతే గింజలు డబ్బాలో పోసి, ఇంకో రోజు సీతాఫలం గింజలతో అదే ఆట మొదలుపెడతారు. జవాబు తెలిసి ఉండి కూడా చెప్పకుండా ఆగడం పెద్దవాళ్లకు చాలా కష్టం. అందుకే దాన్ని ఒక విద్యగా నేర్పాలి.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దాటాక వచ్చే చిట్యాలలోనూ, ఆ మండలంలోని వెలిమినేడు, గుండ్రాంపల్లి, ఉరుమడ్ల, వట్టిమర్తి లాంటి ఊళ్లలోనూ ఈ విద్య అవసరమయ్యేది అంగన్‌వాడీ టీచర్‌కే. తెలంగాణలో అంగన్‌వాడీ కేంద్రాలు సుమారు 35,700. తల్లులు పత్తి ఏరడానికి పొద్దున్నే పోయే ఊళ్లలో మూడేళ్ల పిల్లకు ఇంటి బయట మొదటి పెద్దదిక్కు ఆ టీచర్, ఆయా. ఫ్లోరైడ్ నీళ్లతో తరతరాలు నష్టపోయిన నల్లగొండ జిల్లా ఇది. పిల్ల నడకలో తేడా వస్తే ఇంటివాళ్ల తర్వాత కనిపెట్టగలిగేది కూడా వాళ్లే.

ఆటతో నేర్పే ఈ సంప్రదాయం మన దేశంలో పాతదే. గుజరాత్‌లోని భావనగర్‌లో విద్యావేత్త గిజుభాయి 1920లో బాలమందిరం తెరిచాడు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, దేశం నలుమూలల నుంచి వచ్చిన దాదాపు 300 మందికి శిక్షణ ఇచ్చింది. ఆమె పరికరాలు ఖరీదైనవి. పల్లెకు సరిపోయే దారి వేసింది గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్. ఆమె 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ గ్రామంలో, అనుతాయి వాఘ్ తోడుగా, గులకరాళ్లు, ఆకులు, గవ్వలే పరికరాలుగా బాలబడి నడిపింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాడకు తీసుకుపోయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ హయాంలో పల్లెల బాల్వాడీలకు ఊతం దొరికింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలయ్యాక ఈ పని చాలావరకు అంగన్‌వాడీలోకి వచ్చి చేరింది.

తారాబాయి గవ్వలతో చేసిన పని చిట్యాల దగ్గర తంగేడు పూలతో చేయవచ్చు. బతుకమ్మ పేర్చడాన్ని గమనించండి. తంగేడు, గునుగు, బంతి వేరు చేయడం వర్గీకరణ. కింద వెడల్పు వరుస, పైకి పోయేకొద్దీ చిన్న వరుస పెట్టడం క్రమం. ఒక రంగు తర్వాత ఇంకో రంగు తిప్పి తిప్పి పెట్టడం అమరిక. గణితానికి పునాది అయిన మూడూ పండుగలోనే ఉన్నాయి. తంగేడు కాడలు సమంగా తుంచే వేళ్లకు బలం వస్తుంది, ఆ బలమే తర్వాత పెన్సిల్ పట్టుకుంటుంది. మట్టి పిసకడం, చింతగింజలు ఏరడం, కాగితం చింపడం అన్నీ రాతకు ముందు జరగాల్సిన చేతిపనులే. వాటిని దాటేసి మూడేళ్ల పిల్ల చేత పలక మీద అక్షరాలు దిద్దించడం ఆ చేతిని కష్టపెట్టడమే.

కానీ ఈ సంగతి తల్లికి చెప్పగలగాలి. "మా పిలగానికి ఏబీసీడీలు ఎప్పుడు చెప్తరు టీచర్?" అని అడిగే తల్లి అడగడంలో తప్పు లేదు. పక్క వీధి పిల్లలు టై కట్టుకొని కాన్వెంటు బస్సెక్కడం ఆమె రోజూ చూస్తున్నది. "ఆటలే చదువు" అనే నినాదంతో ఆమెకు నమ్మకం కుదరదు. "అక్కా, ఇయ్యాల మీవాడు కథ విని తర్వాత ఏమైతదో వాడే చెప్పిండు, జర మీరు గూడ రాత్రి ఒక కథ చెప్పి అడుగుండ్రి" అంటే కుదురుతుంది. తల్లిదండ్రులతో ఇలా మాట్లాడడాన్ని శిక్షణలో ఒక పాఠంగా పెట్టాలి.

కథ చెప్పడంలోనూ మెలకువ ఉంది. "ఇదేంది?" అని అడిగితే ఒక్క మాట వస్తుంది. "ఎందుకట్ల చేసింది? నువ్వైతే ఏం చేస్తవు?" అంటే వాక్యాలు వస్తాయి. ఆ వాక్యాలు ఇంటి భాషలో రావాలి. "గట్ల కాదు, అలా అనాలి" అని మధ్యలో ఆపితే పిల్ల నోరు మూసుకుంటుంది. నల్లగొండ తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు టీచర్ నోట తమ మాటలు పది వినిపించినా కేంద్రం పరాయి చోటు కాదు.

ఇవన్నీ ఉపన్యాసంతో రావు. శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పని ఒకటుంది. ఒక పిల్లను పది నిమిషాలు చూసి, కనిపించింది మాత్రమే రాయడం. "అల్లరి పిల్లడు" అని రాయకూడదు. "పక్కవాడి బొమ్మ గుంజుకున్నడు, వాడు ఏడిస్తే మళ్ల ఇచ్చిండు, దూరంగ పోయి కూసున్నడు" అని రాయాలి. అలా రాసిన కాగితాన్ని తోటి టీచర్లు చదివితే అల్లరి మాయమై, ఆడుకోవడానికి పిలిచే మాట ఇంకా రాని పిల్లవాడు కనిపిస్తాడు. రెండోది, నేర్చుకునేవాళ్లు తామే ఆడడం. చెమ్మచెక్క ఆడి, మట్టి చేతికి పూసుకొని, ఓడిపోతే కలిగే ఉక్రోషం తమలోనే చూసుకున్న టీచర్‌కు పిల్ల ఏడుపు మొండితనంగా కనిపించదు.

ఇలాంటి సాధన పట్టా ఉన్నవాళ్లకే సాధ్యమని అనుకోవద్దు. జమైకాలో 1980ల చివర శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలతో అధ్యయనం చేసింది. కొందరి ఇళ్లకు మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్లు వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో ఆడించి, తల్లులకు ఆ ఆట నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ ఆట అందిన పిల్లల సంపాదన అందనివారి కంటే 25 శాతం ఎక్కువ. తమిళనాడులో అంగన్‌వాడీకి ఇంకొకరిని పూర్వ ప్రాథమిక విద్య కోసమే పెడితే, పిల్లలకు నేర్పే సమయం రెట్టింపై గణితం, భాష రెండూ మెరుగుపడ్డాయి.

ఆ సమయమే ఇక్కడ కరువు. బాలామృతం పంపిణీ, గర్భిణుల భోజనం, తూకాలు, 2021 నుంచి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నమోదు, ఆపైన సర్వేలు, ఎన్నికల పనులు. 2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'పోషణ్ భీ పఢాయీ భీ' రోజుకు కనీసం రెండు గంటల పూర్వ ప్రాథమిక విద్య ఉండాలంటుంది. మరుసటి ఏడు వచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక వారంలో ఐదు రోజులు కొత్త ఆటలకు, ఆరోది వాటిని మళ్లీ ఆడుకోవడానికి కేటాయించింది. రెండూ మంచివే. అయితే వాటికోసం టీచర్లకు దక్కేది మూడు రోజుల శిక్షణ. మూడు రోజుల్లో పుస్తకం పరిచయమవుతుంది కానీ చూసే కన్ను రాదు.

కొన్ని కేంద్రాల టీచర్లు కలిసి కూర్చునే సెక్టార్ మీటింగ్ నెలనెలా ఎలాగూ ఉంది. రిజిస్టర్లు తెరిచే ముందు మొదటి గంట ఈ పనికి వదిలేయాలి. ఒక్కో నెల ఒక్కో టీచర్ తాను చూసి రాసిన పది నిమిషాల కాగితం చదవాలి, మిగతావాళ్లు ఆ పిల్లకు ఏ ఆట పెడితే బాగుంటుందో ఆడి చూపించాలి, సూపర్‌వైజర్ వచ్చే నెల ఆ కేంద్రానికి పోయి ఆ ఆట ఎలా సాగిందో కూర్చుని చూడాలి.