రెటినోస్కోపు పట్టిన చెయ్యి

1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి పల్లెల్లో విజన్ సెంటర్లున్నాయి. వాటిని నడిపే టెక్నీషియన్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణ పొందినవాళ్లు. వాళ్ల పనితనం కంటి పవరు తేల్చే రెటినోస్కోపు పట్టినప్పుడు చూడాలి.

"దూరంగా ఆ గోడకేసి చూడవ్వా" అంటూ, గీతలాంటి వెలుగును కనుపాప మీద అటూ ఇటూ ఆడిస్తారు. లోపలి ఎర్రటి మెరుపు వెలుగుతో పాటే కదిలితే ప్లస్ అద్దం, ఎదురు కదిలితే మైనస్. ఆ కదలిక ఆగి, కనుపాప మొత్తం ఒక్కసారిగా వెలిగేదాకా అద్దాలు మారుస్తూనే ఉంటారు. అక్షరం రాని అవ్వకూ, మాటలు రాని పసివాడికీ పవరు ఇలాగే తేలుతుంది. ఎంత గొప్ప విద్య!

పరీక్షలో శుక్లం కనిపిస్తే మాత్రం పెద్దాసుపత్రికి పంపుతారు.

నలభై దాటినవాళ్లు చత్వారానికి రోడ్డు పక్క కళ్లజోడు కొనేముందు ఒకసారి వీళ్ల ముందు కూర్చోండి.