విద్యార్థి గదిలో చిత్రపటం: విశ్వవిద్యాలయాలలో కళాకృతుల అరువు విధానం - విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

గ్రంథాలయం నుండి పుస్తకం తెచ్చుకొని, చదివి, తిరిగి ఇవ్వడం విద్యార్థి జీవితంలో సాధారణ విషయం. చిత్రపటాన్ని కూడా అదేవిధంగా గదికి తీసుకువెళ్లి, కొన్ని నెలలు గోడకు ఉంచుకొని, తిరిగి అప్పగించే పద్ధతి ఇంగ్లండు, అమెరికాలలోని కొన్ని విద్యాసంస్థలలో ఉంది. ప్రదర్శనశాలలో ప్రేక్షకుడు ఒక చిత్రం ముందు కొద్దిసేపే నిలుస్తాడు. గదిలోని చిత్రం ఉదయపు వెలుతురులోనూ, రాత్రి దీపకాంతిలోనూ, పరీక్షల ఆందోళనలోనూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఈ విధానాన్ని ప్రశంసించేవారు తరచుగా ఈ సాన్నిహిత్యం దగ్గరే ఆగిపోతారు. దానిని నిలబెట్టే వ్యయాన్ని, నిర్వహణను కూడా పరిశీలించినప్పుడే దాని బలం, పరిమితి రెండూ స్పష్టమవుతాయి.

2. వ్యక్తి ఔదార్యం నుండి సంస్థాగత బాధ్యతకు:

లండన్‌లోని టేట్ గ్యాలరీలో పూర్వం క్యూరేటరుగా పనిచేసిన జిమ్ ఈడ్ 1950ల చివరి నుండి కేంబ్రిడ్జిలోని తన నివాసమైన కెటిల్స్ యార్డ్‌ను విద్యార్థుల కోసం తెరిచి ఉంచాడు. అక్కడి చిత్రాలను వారు తమ గదులకు తీసుకువెళ్లేవారు. ఇక్కడ పూచీ నమ్మకమే. అయితే ఒక వ్యక్తిపై ఆధారపడిన ఏర్పాటు ఆ వ్యక్తితోనే ముగిసిపోవచ్చు. 1966లో ఈడ్ తన ఇంటిని, సేకరణను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. అందువల్ల విద్యార్థులకు చిత్రాలను ఇచ్చే సంప్రదాయం ఆయన తరువాత కూడా కొనసాగింది.

3. నామమాత్రపు రుసుము:

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఓబర్లిన్ కళాశాలలో ఎలెన్ జాన్సన్ 1940లో ఈ విధానాన్ని ప్రారంభించింది. పికాసో వంటి చిత్రకారుల కృతులు సైతం విద్యార్థుల గదులకు చేరాయి. ఇటీవలి కాలంలో ఒక్కో కృతికి సెమిస్టరుకు 5 డాలర్ల రుసుము ఉండేది. సుమారు 400 కృతులూ అరువుకు వెళ్లాయనుకున్నా వచ్చేది 2,000 డాలర్లే. చట్రాలు, అద్దాలు, బీమా, భద్రపరిచే గది, సిబ్బంది వేతనాలు ఈ మొత్తంతో సమకూరవు. కనుక ఈ రుసుమును ఆదాయంగా భావించరాదు. అది విద్యార్థి అంగీకరించే బాధ్యతకు గుర్తు మాత్రమే. అసలు వ్యయాన్ని సంస్థ భరించవలసిందే.

4. విరాళం, కొనసాగింపు:

షికాగో విశ్వవిద్యాలయానికి 1958లో జోసెఫ్ షపీరో విద్యార్థుల వినియోగం కోసం 50 కళాకృతులను ఇచ్చాడు. ఆ కార్యక్రమం 1980లలో నిలిచిపోయి, 2017లో ఒక పూర్వవిద్యార్థి విరాళంతో పునఃప్రారంభమైంది. దాత కృతులను ఇచ్చినంత మాత్రాన అరువు విధానం శాశ్వతం కాదని ఈ సుదీర్ఘ విరామం తెలుపుతోంది. కృతిని ఇవ్వడం ఒకనాటి పని; దానిని కాపాడుతూ చేతులు మార్చడం ఏటేటా చేయవలసిన పని. దాతలను ఆకర్షించేది మొదటిది, విధానాన్ని బతికించేది రెండవది.

5. అందుబాటు - సమానత్వం:

ఓబర్లిన్‌లోనూ షికాగోలోనూ నచ్చిన చిత్రం కోసం విద్యార్థులు రాత్రంతా బయట వేచి ఉండటం ఒక వేడుకగా ప్రసిద్ధి పొందింది. ఆ ఉత్సాహం నిజమైనదే. కాని రాత్రివేళ ఉద్యోగం చేసే విద్యార్థికి, అనారోగ్యంతో ఉన్న విద్యార్థికి ఆ వరుసలో చోటు దొరకదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) అనుసరించే లాటరీ పద్ధతిలో ఈ ఉత్సాహం కొంత తగ్గవచ్చు గాని, అవకాశం మరింత సమంగా అందుతుంది. ఇంట్లో అసలైన చిత్రాన్ని ఎన్నడూ చూడని విద్యార్థికి చేరడమే లక్ష్యమైతే, పంపిణీ పద్ధతి కూడా ఆ లక్ష్యానికి అనుగుణంగా ఉండాలి.

6. ముగింపు:

కళాకృతులను అరువిస్తే అవి పాడవుతాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. ఎండ తగిలితే కాగితంపై రంగులు వెలిసిపోతాయి. తేమ తగిలితే బూజు పడుతుంది. అందువల్లనే ఏ కృతిని ఇవ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి, ఎప్పుడు విశ్రాంతినివ్వాలి అని నిర్ణయించే నిపుణులు అవసరం. ఈ విధానానికి మద్దతు అంటే సేకరణకు మరో చిత్రాన్ని చేర్చడం మాత్రమే కాదు, ఆ నిపుణుల జీతానికి, మరమ్మతుకు ఏటా నిధి కేటాయించడం. ఆ నిధి లేనిచోట విద్యార్థి గదికి చేరవలసిన చిత్రం భద్రంగానే ఉంటుంది, కాని ఎవరి కంటా పడకుండా గిడ్డంగిలో ఉంటుంది.