నవ్వు ఎవరి మీద? – 'ఫ్లాట్ హ్యాటింగ్' చిత్రం, తోలుబొమ్మలాట హాస్యం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయం ఆ యుద్ధకాలంలో సైనిక స్థావరం. ఆనాటి కోస్తా ప్రజలకు విమానమంటే నేలమీద నిలబడి తలెత్తి చూసేది. అమెరికా నౌకాదళం తన వైమానికుల శిక్షణకు తీయించిన 'ఫ్లాట్ హ్యాటింగ్' (1946) అనే యానిమేషన్ చిత్రాన్ని ఆ నేల మీది చూపుతో చదవడం అవసరం.

జనం తలల మీదుగా, టోపీలు అణిగిపోయేంత కిందుగా విమానం నడపడమే ఫ్లాట్ హ్యాటింగ్. విమాన భద్రతా చిత్రమాలలో భాగంగా యు.పి.ఎ. సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు జాన్ హబ్లీ. 1941 సమ్మె తరువాత డిస్నీని విడిచిన కళాకారుల్లో ఆయన ఒకరు. డిస్నీ నునుపుదనానికి భిన్నమైన పొదుపైన గీతల శైలి యు.పి.ఎ.ది. ఆజ్ఞలు వల్లించడం కన్నా వైమానికుడి ప్రదర్శనాకాంక్షను పసితనపు చేష్టగా చూపి నవ్వించడమే మేలని ఈ చిత్రం నమ్మింది. ఆ నమ్మకం సరైనదే. సైనికుడు శిక్షకు వెరవకపోవచ్చు గాని, తోటివారి ముందు నవ్వులపాలు కావడానికి జంకుతాడు. రాబర్ట్ ఆస్బోర్న్ గీసిన 'డిల్బర్ట్' అనే అజాగ్రత్త పైలట్ పోస్టర్లూ ఇదే పని చేశాయి. నీట మునిగిన విమానం నుంచి బయటపడే అభ్యాస యంత్రానికి సైతం ఆ పాత్ర పేరే స్థిరపడింది.

అయితే తప్పంతా వ్యక్తి స్వభావానిదేనని తేల్చడం ఈ హాస్యానికున్న హద్దు. అలసట, తొందరపెట్టే అధికారి, యంత్రలోపం ఇందులో నవ్వుకు లక్ష్యాలు కావు. చిత్రం తీయించినది నౌకాదళమే కనుక ఇది ఊహించదగినదే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణ ఘట్టాల నడుమ జొరబడి సమకాలీన విషయాలు ఎత్తుకుంటారు. వారి మోటు హాస్యాన్ని అశ్లీలమని పక్కన పెట్టిన విమర్శకులు దాని స్వేచ్ఛను తక్కువగా అంచనా వేశారు. జుట్టుపోలిగాడూ మూర్ఖుడే. కాని అతని మాట ఊరి పెద్దకూ తగలగలదు. డిల్బర్ట్‌కు ఆ అవకాశం లేదు. పోస్టరులో అతడు పొరపాటు చేసి ఊరుకోవాలి.

నేల మీదివారి సంగతి మరొకటి. టోపీ అణిగే మనిషి నుంచే ఆ చేష్టకు పేరు వచ్చిందని అంటారు. చిత్రం మాత్రం విమానం నడిపేవాడి మనసునే విప్పి చూపుతుంది. 1942లో కాకినాడలో తలెత్తి చూసినవారికి అందులో చోటు వెతకడం కష్టం.