టైలు వెనక గోడ

ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ షాపులో ఒక పూటంతా గడుపుతారు. రంగు, సైజు, మెరుపు అంటూ ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. ఆ టైలును మోయబోయే గోడ గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కొత్త ఇళ్ల లోపలి గోడలకు జిప్సం ప్లాస్టరింగ్ చేయిస్తున్నారు. గోడ నున్నగా వస్తుంది, క్యూరింగ్ బాధ ఉండదు. పడకగదికి మంచిదే. చేయి ఆగక బాత్రూమ్‌కీ అదే పూయిస్తేనే చిక్కు. తడిస్తే జిప్సం మెత్తబడుతుంది. పైగా దాని మీద నేరుగా సిమెంటు పెట్టి టైలు అతికిస్తే, తడి తగిలినప్పుడల్లా జిప్సంలోని సల్ఫేటు సిమెంటుతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలు కడుతుంది. వాటిని ఎట్రింజైట్ అంటారు. అవి పెరిగేకొద్దీ టైలును వెనక నుంచి నెడతాయి. ఊడిన టైలు వెనక సిమెంటు మొత్తం అలాగే ఉంటుంది, గోడ మీద తెల్లటి పొడి రాలుతుంటుంది. తిట్లు మాత్రం టైలుకో, వేసిన మేస్త్రీకో. లప్పం పెట్టిన గోడ కూడా టైలుకు పనికిరాదు. టైలు లప్పం పొరతో సహా ఊడొస్తుంది.

టైలుకు కావాల్సింది గరుకు సిమెంటు ప్లాస్టరింగ్. పచ్చిగా ఉండగానే గీతలు గీయించి, కనీసం వారం రోజులు నీళ్లు కొట్టించాలి. మన ఎండలకు, మే నెలలో మరీ, పొద్దున కొట్టిన నీళ్లు మధ్యాహ్నానికి ఆనవాలు లేకుండా పోతాయి. రెండు పూటలా తడపాల్సిందే. పాత గోడైతే చేత్తో నీళ్లు చల్లి చూడండి. ఇంకిపోయి గోడ నల్లబడితే సరే. చుక్కలుగా జారిపోతే పైన పెయింటు ఉన్నట్టు. దాన్ని గీకించి దగ్గర దగ్గరగా గాట్లు కొట్టించాలి.

మామూలు సిరామిక్ టైలు నీళ్లు పీలుస్తుంది కాబట్టి నానబెట్టి సిమెంటు మీద వేసినా పట్టుకునేది. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు అర శాతం కూడా ఉండదు. దానికి సిమెంటు పాలు చాలవు. బస్తా మీద ఐఎస్ 15477 అని ఉన్న అడ్హెసివ్ తెచ్చి, ఏ రకం టైలుకు ఏ టైపో చదివి వాడాలి. దాన్ని కూడా నాలుగు మూలలా ముద్దలు పెట్టి వదిలేయకుండా పళ్ల కరణితో గోడంతా పరిపించాలి.

ఇటుక గోడ కట్టే వీలు లేని మేడ మీది గదులకు ప్లైవుడ్, జిప్సం బోర్డు వద్దు, సిమెంటు బోర్డు పెట్టించండి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉండబట్టి మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. మఠంపల్లి మండలం సింహపురిలో ఎన్‌సీఎల్ వాళ్లు కలప తునకల్ని సిమెంటుతో కలిపి నొక్కి బైసన్ ప్యానెల్ బోర్డులు చేస్తారు. మన ప్రాంతపు సరుకే, తడికి తట్టుకుంటుంది. అయితే అందులో కలప ఉంది కనుక కొద్దిగా సాగి ముడుచుకుంటుంది. బోర్డుకూ బోర్డుకూ మధ్య సందు వదిలి, అతుకు మీద ఫైబర్ మెష్ టేపు వేసి, వాటర్‌ప్రూఫింగ్ పూత పూశాకే టైలు వేయించాలి.

ఇవన్నీ చేశాక కూడా, జాయింట్లు నింపకముందే రూపాయి బిళ్లతో ఒక్కో టైలునూ తట్టి చూడండి. గుల్ల శబ్దం వచ్చినదాన్ని ఆ రోజే తీయించండి, టైలు పగలకుండా చేతికొస్తుంది.